ఎనిమిదిన్నరకు మొదలయ్యే రోజు

మా వైపు రైతు ఉత్పత్తిదారుల సంఘం ఒకటి పన్నెండు ఊళ్లలో చిన్న వాతావరణ స్టేషన్లు పెట్టుకుంది. గడిచిన పావుగంటలో ఎంత వాన పడిందో ఒక్కో స్టేషన్ పదిహేను నిమిషాలకోసారి పంపుతుంది. స్టేషన్‌కు రోజుకు 96 రీడింగులు, ఏడాదికి 35,040. మూడేళ్లవి కలిపితే పన్నెండు లక్షలు దాటాయి. రోజువారీ వర్షపాతం పట్టిక చేసిపెట్టమని నన్ను అడిగారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌తో రోజూ పనిచేసేవాణ్ణే కదా, సాయంత్రానికల్లా ఇచ్చేస్తానన్నాను. వారం పట్టింది.

మొదటి తప్పు త్వరగానే దొరికింది. జులై 1 నుంచి 31 వరకు అని 'బిట్వీన్' (ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా) పెట్టి క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, రాస్తే నెల మొత్తం తక్కువ వచ్చింది. సమయం ఉన్న కాలమ్‌లో 31 అని మాత్రమే రాస్తే, డేటాబేస్ దాన్ని 31వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రిగా తీసుకుంటుంది. ఆ తర్వాత పడిన వానంతా బయటే ఉండిపోతుంది. జులై 1 నుంచి, ఆగస్టు 1కి ముందు వరకు అని మార్చాను.

అసలు చిక్కు జులై 13 రాత్రి వానతో వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి మొదలై తెల్లవారుజామున నాలుగింటి దాకా కురిసింది. ఊళ్లో అందరికీ గుర్తున్న వాన. మన టైం ప్రకారం అర్ధరాత్రికి రోజు మార్చిన నా పట్టికలో చూస్తే 13న 61.4 మిల్లీమీటర్లు, 14న 56.8. వాతావరణ శాఖ లెక్కలో 64.5 దాటితేనే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. రెండు తేదీలకు చీలిపోవడంతో చెరువు కట్ట తెగుతుందేమోనని జనం రాత్రంతా కాపలా కాసిన వాన నా పట్టికలో రెండు మోస్తరు వర్షాలైంది. నాకు మనసొప్పలేదు.

పైగా స్టేషన్లు పంపే రీడింగులన్నీ యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయంలో ఉన్నాయి. తేదీని అలాగే కత్తిరిస్తే రోజు మన టైం ప్రకారం పొద్దున ఐదున్నరకు మొదలవుతుంది. అలా కూడితే 118.2 మొత్తం ఒకేచోట చేరింది కానీ 13 కింద. ఏది నిజం?

మా పెద్దనాన్న చాలా ఏళ్లు మండల ఆఫీసులో వాన కొలిచే రెయిన్‌గేజ్ చూశాడు. రిటైరయ్యాక కూడా ఇంటి వెనక ఒకటి పెట్టుకుని గీతల నోట్‌బుక్‌లో రోజూ రాసుకుంటాడు. ఫోన్ చేసి, 13వ తారీఖు వాన ఎంత రాశావని అడిగాను.

"అది పదమూడుది కాదు బిడ్డా, పద్నాలుగుది. పొద్దుగాల ఎనిమిదిన్నరకు గ్లాసుల పోసి చూస్తం. ఏ పొద్దున కొలిస్తే ఆ తారీఖే రాస్తం."

విషయం అప్పుడు తెలిసింది. మన దేశంలో వర్షపాతం రోజు పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా, ముగిసిన తేదీ పేరు మీద. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 2023 జులై 27న 649.8 మిల్లీమీటర్లు అని రాష్ట్రమంతా చెప్పుకున్న అంకె కూడా, ఆ పొద్దున ఎనిమిదిన్నరతో ముగిసిన 24 గంటలది. నా పట్టికలో రోజు వేరే గంటకు మొదలైతే దేనితోనూ పోల్చలేం. ఎనిమిదిన్నర అంటే యూటీసీలో సరిగ్గా మూడు గంటలు. ఇక తేలికే అనుకున్నాను.

కాలేదు. 8:30 రీడింగ్ ఏ రోజుకు చెందుతుంది? స్టేషన్ ఆ సమయంతో పంపేది 8:15 నుంచి 8:30 వరకు పడిన వాన. అంటే ముగుస్తున్న రోజుది. నేను నెల హద్దుల్లో పాటించిన అలవాటు, మొదటి అంచు లోపల, చివరి అంచు బయట అన్నది, ఇక్కడ తిరగబడాలి. అందుకని ముందు ప్రతి సమయం నుంచి పావుగంట తీసేశాను, ఆపై ఎనిమిదిన్నర గంటలు తీసి, మన టైంలో తేదీ తీసుకుని ఒకరోజు కలిపాను. 14న 8:30 రీడింగ్ 14 కిందే నిలిచింది, 8:45ది 15కు వెళ్లింది. కాగితం మీద ఈ రెండు సమయాలూ రాసి చేత్తో లెక్కేసి చూసుకున్నాకే క్వెరీ నడిపాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ తీసివేతను క్వెరీలో ఏ వరసలు కావాలో చెప్పే వేర్ షరతులో సమయం కాలమ్ మీద పెడితే, వరసల్ని త్వరగా వెతికిపెట్టే మామూలు ఇండెక్స్ పనికిరాదు, పన్నెండు లక్షల వరసలూ చదువుతుంది. షరతులో కాలమ్‌ను ముట్టుకోకుండా, జూన్ 30 యూటీసీ మూడు తర్వాతి నుంచి జులై 31 మూడు వరకు అని హద్దులే లెక్కగట్టి ఇచ్చాను. తీసివేత రోజులవారీగా కూడే గ్రూప్ బైలో మాత్రమే.

ఆదివారం పెద్దనాన్న ఫోన్‌లో నోట్‌బుక్ చదువుతుంటే నేను పట్టికలో టిక్కులు పెట్టాను. 14న ఆయనది 117, నాది 118.2. ఇద్దరం సంతోషపడ్డాం. 22 దగ్గర ఆగాం. ఆయన దగ్గర 31, నా దగ్గర సున్నా. చూస్తే ఆ రోజు స్టేషన్ బ్యాటరీ అయిపోయి ఒక్క రీడింగూ రాలేదు. ఏ తేదీ తప్పిపోకుండా తేదీల జాబితాకు రీడింగులను జతచేసి (లెఫ్ట్ జాయిన్), ఖాళీ ఉన్నచోట నేనే సున్నా నింపాను. వాన పడని రోజూ, కొలవని రోజూ ఒకేలా కనిపిస్తున్నాయి. ఆ రాత్రే రీడింగుల సంఖ్య కాలమ్ కలిపి, 96 కంటే తక్కువ వచ్చిన రోజుకు 'అసంపూర్ణం' అనీ, 22 గడిలో సున్నా తీసేసి 'డేటా లేదు' అనీ పెట్టాను.