గన్లు ఆగితే మెలకువ

రాత్రి పదికి ఠక్కున మెలకువ వచ్చింది. చప్పుడుకి కాదు, చప్పుడు లేక.

మామూలుగా పది పదకొండు సెకన్లకోసారి అడుగునుంచి 'దబ్' మని వినిపిస్తూనే ఉంటుంది. సముద్రం అడుగు పొరల్ని సర్వే చేసే ఈ ఓడ ఎక్కిన మొదటి వారం దాని మూలంగా కంటిమీద కునుకు లేదు. ఇప్పుడేమో అది ఆగితే నిద్ర పట్టదు. గన్లు పేలుస్తూ తిన్నగా సాగాల్సిన ఈ సర్వే లైను తెల్లవారుజాము నాలుగు దాకా ఉంది కదా, మరి ఎందుకు ఆగినట్టు? నా డ్యూటీ పన్నెండుకి. అయినా బాయిలర్ సూట్ తొడుక్కుని గన్ డెక్ మీదికి పోయాను. నార్వేకి ఉత్తరాన ఉన్న బేర్ ఐలాండ్‌కి తూర్పున ఉన్నాం, 74 డిగ్రీల ఉత్తరాన. జూన్ కాబట్టి ఆ వేళలో కూడా ఎండ కళ్లలో పడుతోంది.

పగటి షిఫ్టు మెకానిక్ అప్పటికే ఒక వరస గన్లను పైకి లాగేశాడు. గాలి లీకు. 2000 పీఎస్‌ఐ ఒత్తిడి ఉన్న గాలిని నీళ్లలోకి ఒక్కసారిగా వదలడమే ఈ గన్ల పని. ఆ చప్పుడు సముద్రం అడుగున పొరల్ని తాకి తిరిగొస్తే, వెనకాల ఈడ్చుకొస్తున్న ఎనిమిది కేబుళ్లు వింటాయి. ఒక్కోటి ఎనిమిది కిలోమీటర్లు. గన్ ఎప్పుడూ బుసకొడుతుంటే వాటికి ఇంకేం వినబడుతుంది?

విప్పి చూస్తే, గాజంత రబ్బరు రింగు. దాని అంచున గోరు మొనంత గాటు. అంతే! గ్లౌజులతో తడిమితే ఆ గాటు తగల్లేదు. తీసేసి వేలితో చూడాల్సొచ్చింది, ఇనుము చల్లదనానికి వేళ్లు కొంకర్లుపోయాయి. గ్రీజు రాసి కొత్తది వేసి బిగించేసరికి గంటన్నర.

ఓడ మాత్రం ఆగడానికి లేదు, ఆగితే కేబుళ్లు ఒకదానికొకటి చుట్టుకుంటాయి. అంత తోకతో వెనక్కి తిరిగి, వదిలేసిన చోటికి రావడానికి మూడు గంటలు. తీరా వస్తే తిమింగలం. గన్లు మొదలెట్టే ముందు అరగంట నీళ్లను చూసే మనిషి వద్దంది. నల్లటి వీపు రెండుసార్లు తేలి మునిగింది, నాకూ కనిపించింది. చివరిసారి కనిపించాక ఇరవై నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత కూడా చిన్న గన్‌తో మొదలెట్టి మెల్లమెల్లగా పెంచాలి. ఈలోగా ఆ వదిలేసిన చోటు దాటిపోయాం. మళ్లీ ఇంకో చుట్టు! క్లయింట్ తరఫు మనిషి తల పట్టుకున్నాడు. నాకైతే ఆ వీపు చూశాక కోపం రాలేదు, రావాల్సిందే అనుకుంటా.

నాలుగు దాటాక టీకని మెస్‌కి వెళ్లాను. పగటి మెకానిక్ అక్కడే ఉన్నాడు. డ్యూటీ పన్నెండుకే దిగినా కేబిన్‌కి పోలేదట. ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. కాసేపటికి చిన్నగా 'దబ్'. ఇంకోటి. కప్పులో టీ వణికింది.

ఐదో దెబ్బకల్లా కుర్చీలోనే గురకపెట్టాడు.