ఆ ఎక్స్‌రే ప్రశ్న: నా నీట్ పీజీ రెండో అటెంప్ట్

నీట్ పీజీ (ఎంబీబీఎస్ అయ్యాక పీజీ సీటు కోసం రాసే పరీక్ష) రిజల్ట్స్ వచ్చి నాలుగు రోజులైంది. నిరుడు నా ఫోన్ ఎత్తని చుట్టాలు కూడా ఇప్పుడు "ఏ బ్రాంచ్ తీసుకుంటావురా?" అని అడుగుతున్నారు. ర్యాంకు నాలుగంకెల్లో ఉంది. ఆర్థో (ఎముకల వైద్యం) వస్తుందో రాదో కౌన్సెలింగ్‌లో తేలుతుంది. ఎలా చదివానో రాస్తానని జూనియర్లకు మాటిచ్చాను కాబట్టి రాస్తున్నా.

ప్యాటర్న్ మీకు తెలిసిందే. 200 ప్రశ్నలు, ఐదు సెక్షన్లు, ఒక్కోదానికి 42 నిమిషాలు, వెనక్కి వెళ్లడానికి లేదు. అందరూ టైమ్ చాల్లేదంటారు. నాకు టైమ్ చాలింది, బుర్రే చాల్లేదు.

నా నోట్సు నిండా వన్‌లైనర్లే. "పీజీఈ2 = ఎముకను కరిగిస్తుంది" అని ఎర్ర ఇంకుతో రాసి, కింద రెండు గీతలు కొట్టుకున్నా. పీజీఈ2 అంటే ప్రోస్టాగ్లాండిన్ ఈ2, ఒంట్లో నొప్పి, వాపు పుట్టించే రసాయనాల్లో ఒకటి. తప్పేం కాదు. 1970లో క్లెయిన్, రైజ్ అనే పరిశోధకులు ఎముక కల్చర్‌లో (ల్యాబ్‌లో బతికించిన ఎముక ముక్కల్లో) చూపించింది అదే. ఎముకను కట్టే కణం ఆస్టియోబ్లాస్టు చేత, కూల్చే కణాలను పుట్టించే రాంక్ లైగాండ్ ఎక్కువ చేయిస్తుంది, దాన్ని అడ్డుకునే ఆస్టియోప్రొటెజెరిన్ తగ్గిస్తుంది, దాంతో ఎముకను కూల్చే ఆస్టియోక్లాస్టులు పెరుగుతాయి. అక్కడితో చదువు ఆపేశా.

మొదటి పరీక్షకు పది రోజుల ముందు గ్రాండ్ టెస్టు, అంటే పూర్తి సిలబస్ నమూనా పరీక్ష. అందులో ఓ ప్రశ్న. డక్టస్ (గుండె దగ్గర, పుట్టాక మామూలుగా మూసుకుపోయే రక్తనాళం) మూసుకుపోకుండా వారాల తరబడి పీజీఈ1 (పీజీఈ2కి దగ్గరి చుట్టం) డ్రిప్ మీద ఉన్న పసికందు. కాళ్లూ చేతులూ వాచాయి. ఎక్స్‌రేలో తొడ ఎముక పొడవునా, అంచుకు పక్కనే ఇంకో సన్నటి తెల్ల గీత. కరిగించే మందుకు కొత్త ఎముక ఎందుకొస్తుందిలే అని ఆ డ్రిప్ సంగతి పక్కన పెట్టి కాఫీ డిసీజ్ (పసిపిల్లల్లో ఎముకలు, ముఖ్యంగా దవడ, వాచి మందమయ్యే జబ్బు) కొట్టా. (ఉదయం నుంచి నాలుగు కాఫీలు తాగి ఉన్నా, ఆ ప్రభావమేమో.) దవడ ఎముక ప్రస్తావనే లేదని కూడా చూసుకోలేదు. జవాబు: ఆ మందు వల్లే పెరియాస్టియం (ఎముక మీది పొర) కింద కొత్త ఎముక పుట్టింది.

తప్పు పెట్టినందుకు కాదు నా ఏడుపు. ఇంటర్న్‌షిప్‌లో సరిగ్గా అలాంటి బిడ్డ పక్కన ఎన్నో రాత్రులు కూర్చున్నా. పంపులో సిరంజి అయిపోతే మార్చింది నేనే. ఆ మందుతో ఆప్నియా (ఊపిరి ఆగడం) వస్తుందేమోనన్న టెన్షన్‌తో ఛాతీ కదలికే చూశాను తప్ప కాళ్లకేసి చూడలేదు. ఆ పది రోజులూ పుస్తకం తెరవబుద్ధి కాలేదు. అటెంప్ట్ పోయింది.

రెండోసారి చేసిన పని ఒక్కటే. ఒకే కాగితం మధ్యలో పీజీఈ2 అని రాసి, పంతొమ్మిది సబ్జెక్టుల్లో అది కనిపించిన చోటల్లా గీతలు లాగా. కణం మీది ఈపీ4 రిసెప్టర్ ద్వారా, లోపల సంకేతం మోసే సైక్లిక్ ఏఎంపీ పెంచి ఆస్టియోబ్లాస్టులనూ పుట్టిస్తుంది, అంటే ఇదే కట్టేదీ, కూల్చేదీ. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ జీన్ హెచ్‌పీజీడీ చెడితే వేళ్లకు క్లబ్బింగ్ (కొనలు ఉబ్బడం), పెరియాస్టియల్ ఎముక. ప్రోస్టాగ్లాండిన్లను తయారు చేసే ఎంజైమ్ కాక్స్-2 లేని ఎలుకల్లో ఫ్రాక్చర్ సరిగా అతకదు. అసిటాబ్యులమ్ (తుంటి గిన్నె) సర్జరీ తర్వాత అక్కర్లేని చోట ఎముక పెరగకుండా, కాక్స్‌ను ఆపే ఇండోమెథాసిన్ ఇచ్చేదీ ఇందుకే. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే చిన్న ఎముక గడ్డలో రాత్రిపూట లేచే నొప్పి, కాక్స్‌నే ఆపే ఆస్పిరిన్‌కు లొంగేదీ అందుకే, నైడస్‌లో (గడ్డ నడిమి భాగంలో) ప్రోస్టాగ్లాండిన్ అంత ఎక్కువ. ఫార్మా, పీడియాట్రిక్స్, ఆర్థో, రేడియాలజీ ఒక్క కాగితం మీదికి వచ్చి కూర్చున్నాయి. కార్టిసాల్‌కు, విటమిన్ డికి కూడా ఇలాగే చేశా. మిగతాదంతా మీరు చేసేదే: రివిజన్, ఎంసీక్యూలు, మళ్లీ రివిజన్.

"ఏడాది ఇంట్లో ఖాళీగా కూర్చున్నాడు" అన్నవాళ్లకో మాట. ఖాళీగా కూర్చోలేదండీ. పొద్దున ఐదింటికి లేచా, ఫోన్ అమ్మకిచ్చా, తమ్ముడి పెళ్లిలో తలంబ్రాలవ్వగానే గదిలోకెళ్లి టెస్టు రాశా. మనసు బాగుంటే చదువుదాం అనుకునేవాళ్లు ఇప్పుడే మానేయండి, మనసు ఏ రోజూ బాగుండదు. నాకు ఇవాళ్టికీ బాగాలేదు, ఆర్థో ఖాయం కాలేదుగా!

ఇంతా చేస్తే అసలు పరీక్షలో నాకు ప్రోస్టాగ్లాండిన్ మీద ఒక్క ప్రశ్నా రాలేదు. ఆ కాగితం ఫొటో కావాలంటే మెసేజ్ పెట్టండి. నా రాత మీకు అర్థమైతే అదృష్టమే.