పెదనాన్న రిటైర్మెంట్ వీడియో: మధ్యలో చేసిన ఆ ఒక్క అప్‌డేట్

మా పెదనాన్న రిటైర్మెంట్ ఫంక్షన్ నిన్ననే హనుమకొండలో అయింది. వీడియో అందరికీ నచ్చింది. కానీ శనివారం రాత్రి పడ్డ టెన్షన్ నాకింకా దిగలేదు. మరిచిపోకముందే రాస్తున్నాను.

పాత ఫొటోలు స్కాన్ చేయడం, పరకాల వైపు ఆయన విద్యార్థులు పంపిన ఫోన్ వీడియోలు పోగేయడం పెద్ద కష్టం కాలేదు. ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని బొమ్మలన్న లెక్క) నిలకడగా ఉండదు కాబట్టి మాటకూ పెదవికీ పొంతన తప్పుతుంది. నేను వాడే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కేడెన్‌లైవ్‌లో వేసేటప్పుడే వీడియోను నిలకడ రేటుకు మార్చుకోమని అడుగుతుంది. బద్ధకించకుండా మార్చుకోండి.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ ఉబుంటు 22.04, దాంతో వచ్చే కేడెన్‌లైవ్ 21.12. సగం పని దాంట్లోనే అయింది. బుధవారం నాకు ఆశ పుట్టింది. కేడెన్‌లైవ్ 23.04 నుంచి ఒకే ప్రాజెక్టులో ఎన్ని టైమ్‌లైన్లయినా (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీలు) పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదాంట్లో క్లిప్‌లా వాడుకోవచ్చు. పెదనాన్న పనిచేసిన ఒక్కో బడికి ఒక్కో టైమ్‌లైన్ చేద్దామనుకుని కొత్త వెర్షన్‌ను యాప్‌ఇమేజ్ అనే ఫైల్ రూపంలో దించుకున్నాను. అదే ప్రాజెక్ట్ తెరిచి, పని చేసి, సేవ్ కొట్టాను. హాయిగా సాగింది.

శనివారం సాయంత్రం రెండర్ (అన్నీ కలిపి ఒకే వీడియోగా తీయడం) పెడితే నాలుగు గంటలు చూపించింది. ఫ్యాన్ మోత చూస్తే ల్యాప్‌టాప్ మధ్యలోనే ఆగిపోయేలా ఉంది. ప్రాజెక్టును ఆర్కైవ్ చేసి (ఫైళ్లన్నీ ఒకచోట చేర్చి), పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, తెలిసిన అన్న మిక్సింగ్ షాపుకు పోయాను. అక్కడి ఒక సిస్టమ్‌లో ఇదే ఉబుంటు, కేడెన్‌లైవ్ 21.12 నేనే వేసిపెట్టాను. "రూపాయి కట్టక్కర్లేదు, ఏ పనైనా అవుతుంది" అని అప్పుడు గట్టిగా చెప్పాను కూడా.

ప్రాజెక్ట్ తెరుచుకోలేదు. ఈ వెర్షన్‌లో నడవదని ఒక మెసేజ్ వచ్చింది. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ అదే. వెనక పెళ్లి ఆల్బమ్ కోసం వచ్చిన కుటుంబం కూర్చుని ఉంది. అన్న వాళ్ల ముందే, "తమ్మీ, ఫ్రీగ వచ్చింది ఫ్రీగనే పోతది. పైసలు పెట్టి కొన్నదైతే గిట్ల జేస్తదా?" అన్నాడు. వాళ్లలో ఒక పెద్దాయన నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకు తెరుచుకోవట్లేదో నాకే తెలియనప్పుడు ఏమని జవాబు చెప్పను? పెన్‌డ్రైవ్ తాడు వేలికి చుట్టుకుంటూ మెట్లు దిగాను. ఫంక్షన్ తెల్లారి పదింటికి.

ఇంటికొచ్చి చదివితే విషయం తెలిసింది. ఏదీ పాడవలేదు. టైమ్‌లైన్ల కోసం 23.04లో ప్రాజెక్ట్ ఫైల్ అమరికే మారింది, కొత్తదాంట్లో సేవ్ చేసింది పాతది చదవలేదు. ఈ తప్పు కేడెన్‌లైవ్ తయారుచేసేవాళ్ల మీద వేయలేను. 2022లో విరాళాలు అడిగినప్పుడు చేస్తామన్న పనుల్లో ఈ టైమ్‌లైన్లు కూడా ఉన్నాయి. వాడేవాళ్లు కోరారు, డబ్బూ ఇచ్చారు, వాళ్లు చేశారు. 2019లో 19.04 కోసం టైమ్‌లైన్ కోడ్ చాలావరకు తిరగరాసిందీ ఇలాంటి వాటికి దారి వేయడానికే. పాత వెర్షనే భద్రం అనేవాళ్ల మాటా నేను ఒప్పుకోను. ఉబుంటు 22.04లో 21.12 అక్కడే ఆగిపోయింది, తర్వాత సరిచేసిన తప్పులు దానికి రావు. కొత్త వెర్షన్ వాడండి, కానీ కొత్త పనికి వాడండి. చేతిలో ఉన్న పని అప్పజెప్పేదాకా మొదలుపెట్టిన వెర్షన్ కదిలించొద్దు.

యాప్‌ఇమేజ్ ఒక్కటే ఫైల్, ఇన్‌స్టాల్ చేసే పని లేదు. దాన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మళ్లీ బండి తీశాను. అన్న అప్పటికే షట్టర్ సగం దించాడు. "అన్నా, ఒక్క పది నిమిషాలు" అని బతిమాలాను. ఉబుంటు 22.04లో యాప్‌ఇమేజ్ నడవాలంటే లిబ్‌ఫ్యూజ్2 అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి, దానికి అన్న ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చాడు. ప్రాజెక్ట్ తెరుచుకుంది. నల్లబోర్డు ముందు చాక్‌పీస్ పట్టుకుని నిలబడ్డ పెదనాన్న తెర మీద కనిపించేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండర్ యాభై నిమిషాల్లో అయింది. అంతసేపూ అన్న వెళ్లకుండా పక్కనే కూర్చున్నాడు, ఆ మాట చెప్పాలి. పోయేముందు యాప్‌ఇమేజ్‌ను ఆ సిస్టమ్‌లోనే ఉంచేయమన్నాడు. ఉంచాను, 21.12ను మాత్రం ముట్టుకోలేదు.