మెంతుల డబ్బా వెనకాల

నిరుడు సంక్రాంతి ముందు అరిసెల పాకం పడుతుంటే వీపు మధ్యలో ఎవరో బొటనవేలితో అదిమినట్టు నొప్పి. ఒళ్లంతా చెమట. గ్యాస్ అనుకుని నిమ్మసోడా తాగి కూర్చున్నా. మా ఆయన మాత్రం పొయ్యి కట్టేసి, నా మాట వినకుండా ఆటో ఎక్కించారు. ఈసీజీ తీయగానే స్ట్రెచర్ ఎక్కించారు. సాయంత్రానికి గుండె రక్తనాళంలో ఒక స్టెంట్ పడింది. నాకప్పుడు 47. షుగర్ లేదు, బీపీ లేదు.

ఇంటికొచ్చాక రక్తం పలచబడే బిళ్లలు రెండు, కొలెస్ట్రాల్ దించే స్టాటిన్ రకం మందు అటోర్వాస్టాటిన్ 80 ఒకటి. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 142 నుంచి ఆరు వారాల్లో 64కి దిగింది. అప్పుడే పిక్కలు లాగడం మొదలైంది. పక్కింటి పిన్నిగారు "ఆ కొలెస్ట్రాల్ బిళ్లలు కండరాల్ని తినేస్తాయే" అన్నారు. అంతే, ఎవరికీ చెప్పకుండా మానేశా. మా ఆయన లెక్క చూస్తారని రోజుకో బిళ్ల స్ట్రిప్‌లోంచి తీసి, మెంతుల డబ్బా వెనకాల చిన్న సీసాలో దాచేదాన్ని. రెండు నెలల తర్వాత టెస్టులో ఎల్‌డీఎల్ 131. ఇంత చేసినా పిక్కల నొప్పి పూర్తిగా పోయిందా అంటే, అదీ లేదు!

డాక్టరుగారు తిట్టలేదు. తిట్టుంటేనే బాగుండేది. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే అనే టెస్టు చేయించారు, నార్మల్. కొలెస్ట్రాల్‌ని లివరే తయారుచేస్తుందట. ఈ మందు ఆ తయారీకి అడ్డుపడితే, లివర్ తనకు కావాల్సింది రక్తంలోని ఎల్‌డీఎల్ నుంచి లాక్కుంటుంది. మానేస్తే కొన్ని వారాల్లోనే మళ్లీ మొదటికొస్తుంది. బ్రిటన్‌లో బాధలు పడలేక స్టాటిన్ మానేసిన వాళ్లకి ఏడాదిపాటు కొన్ని నెలలు అసలు బిళ్ల, కొన్ని నెలలు ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి చూశారట. అసలు బిళ్లతో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి బిళ్లతోనూ వచ్చాయి. అది విని నాకు మొహం చెల్లలేదు. నిజంగానే స్టాటిన్ పడనివాళ్లు కొద్దిమంది ఉంటారని కూడా ఆయనే అన్నారు లెండి.

మందు మార్చారు. రోసువాస్టాటిన్ 10, దానికి తోడు పేగుల్లో కొలెస్ట్రాల్‌ని పీల్చుకోనివ్వని ఎజెటిమైబ్ 10. ఇప్పుడు ఎల్‌డీఎల్ 51. పిక్కలు అప్పుడప్పుడు లాగుతాయి, లాగనీ.

ఇంకో టెస్టు కూడా రాశారు. లైపోప్రొటీన్ ఎ. ఇదీ రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసేదే, కానీ మామూలు కొలెస్ట్రాల్ రిపోర్టులో కనిపించదు. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క, నాది 118. ఇది పుట్టుకతో వచ్చేది. నడకకీ, ఓట్స్‌కీ, స్టాటిన్‌కీ కూడా దిగదు. అందుకే మిగతావన్నీ గట్టిగా దించాలన్నారు. మా నాన్న 49కే నిద్రలో పోయారు. ఇంట్లో అందరూ దిష్టి అన్నారు.

తోడబుట్టినవాళ్లకీ చేయించమన్నారని తమ్ముడికి చెప్తే, "నేను రోజూ జిమ్‌కి పోతానక్కా, నాకెందుకు" అన్నాడు. మూడుసార్లు పోరితే కదిలాడు. వాడిది 104, ఎల్‌డీఎల్ కూడా ఎక్కువే. నిన్న రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు.

"అక్కా, ఈ బిళ్ల పొద్దున వేసుకోవాలా, రాత్రా?"