రెండు వేళ్లతో తిరగవలసిన హ్యాండిల్

మా పాత కారు డ్రైవరు వైపు కిటికీ కొన్ని నెలలుగా బరువెక్కుతూ వచ్చింది. మొదట్లో రెండు వేళ్లతో తిరిగిన హ్యాండిల్‌కు తర్వాత పిడికిలి అవసరమైంది. చివరికి ఒక చేత్తో అద్దాన్ని పైకి తోస్తూ మరో చేత్తో తిప్పితే తప్ప మూసుకోని స్థితికి వచ్చింది. ఒకరోజు వాన మొదలైన తొందరలో కాస్త గట్టిగా తిప్పాను. తలుపు లోపల 'టప్'మని చప్పుడైంది, అద్దం ముందుకు వాలి సగంలో ఆగిపోయింది.

విప్పబోయే ముందు లోపల ఏముంటుందో తెలిసి ఉండడం మంచిది. హ్యాండిల్ ఇరుసు మీద ఉండే చిన్న పళ్లచక్రం విసనకర్ర ఆకారంలోని పెద్ద పళ్ల రేకును కదుపుతుంది. ఆ రేకుకు బిగించిన ఇనుప చేతులు కత్తెరలా తెరుచుకుంటూ, కొసల్లోని ప్లాస్టిక్ రోలర్ల మీద అద్దం అడుగు పట్టాలో జరుగుతూ అద్దాన్ని ఎత్తుతాయి. ఈ మొత్తాన్నే రెగ్యులేటర్ అంటారు. కొన్ని కార్లలో కత్తెర చేతులకు బదులు ఉక్కు కేబులూ, దాన్ని చుట్టుకునే డ్రమ్మూ ఉంటాయి. నాకు ముచ్చటేసిన భాగం మాత్రం ఇరుసు దగ్గరి చిన్న చుట్ట స్ప్రింగు. హ్యాండిల్ వైపు నుంచి బలం వస్తే అది వదులై తిరగనిస్తుంది, అద్దం బరువు వైపు నుంచి వస్తే బిగుసుకుపోతుంది. ఎంత గతుకుల రోడ్డు మీద వెళ్లినా అద్దం తనంతట తాను కిందికి జారకపోవడానికి కారణం అదే.

జబ్బు ఏమిటో హ్యాండిలే చాలావరకు చెబుతుంది. అది ఖాళీగా తిరుగుతూ అద్దం కదలకపోతే, హ్యాండిల్ లోపలి పళ్లు అరిగి ఉండాలి, లేదా కేబుల్ తెగి ఉండాలి. మరో తలుపు హ్యాండిల్ తీసి దీనికి తొడిగి చూస్తే ఆ రెండింట్లో ఏదో తేలిపోతుంది. ఒకే చోట గరగరమని ఎగిరిపడుతుంటే రేకు పళ్లు దెబ్బతిన్నట్టు. అద్దం వాలితే రోలరో, పట్టా బోల్టో వదిలినట్టు. తిరుగుతున్నా మొత్తం దారి పొడవునా బరువుగా ఉంటే మాత్రం రెగ్యులేటర్‌ను అనుమానించే ముందు అద్దం జారే రబ్బరు గాడిని చూడాలి. నేను చేయనిది సరిగ్గా ఆ పనే.

మా కారులో హ్యాండిల్‌కు స్క్రూ లేదు, వెనుక గుర్రపు నాడా ఆకారంలో ఒక ఉక్కు క్లిప్పు ఉంది. దీనికి ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుంది కానీ, పాత నూలు గుడ్డ చాలు. గుడ్డను హ్యాండిల్‌కూ తలుపుకూ మధ్య సందులోకి దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగుతుంటే, దాని అంచు క్లిప్పు కొసలకు తగులుకుని క్లిప్పును బయటికి నెడుతుంది. అది వచ్చేటప్పుడు మిడతలా ఎగురుతుంది. నేను అరగంట సేపు సీటు కింద వెతికాను, మీరు ముందే పైన మరో గుడ్డ కప్పండి.

చేతి ఆనింపు కింది స్క్రూలు తీశాక, తలుపు లోపలి వైపును కప్పి ఉంచే డోర్ ప్యాడ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులను ఒక్కొక్కటిగా, క్లిప్పు పక్కనే పట్టుకుని లాగాలి. దూరం నుంచి లాగితే ప్యాడ్ చిరుగుతుంది. దాని వెనుక నల్లటి బంకతో అంటించిన ప్లాస్టిక్ షీటును పనికిరాని చెత్త అనుకోకూడదు. వాననీరు అద్దం పక్క నుంచి తలుపులోకి రావడం, అడుగు రంధ్రాల గుండా పోవడం మామూలే. ఆ నీరు కారులోకి రాకుండా ఆపేది ఈ షీటే.

అద్దం బోల్టులు విప్పే ముందు దాన్ని పూర్తిగా పైకెత్తి, బయటి నుంచి ఫ్రేము మీదుగా లోపలికి వెడల్పాటి టేపు అంటించాను. గట్టిపరచిన అద్దం మధ్యలో దెబ్బను ఓర్చుకున్నా, అంచు ఇనుముకు తగిలితే ఒక్కసారిగా ముక్కలైపోవచ్చు. తలుపు లోపలి రేకుల అంచులు కత్తుల్లా ఉంటాయి కాబట్టి చేతికి తొడుగులు తప్పవు. రెగ్యులేటర్ మీద బిగుతుగా చుట్టిన పెద్ద స్ప్రింగు ఉంటే దాన్ని విప్పే సాహసం చేయవద్దు, అది వదిలితే కత్తెర చేతులు వేళ్లను నలిపేయగలవు.

టార్చి వేసి చూస్తే రోలర్ రెండు చెక్కలై కనిపించింది. అయితే రోలర్ విరగడం ఫలితమే గాని కారణం కాదు. అద్దాన్ని రెగ్యులేటర్ నుంచి విడదీసి, చేత్తో పట్టుకుని గాడిలో పైకీ కిందికీ జరిపి చూశాను. బరువంతా అక్కడే ఉంది. ఏడాది కిందట కిర్రుమంటోందని నేనే గాడిలో యంత్రాల నూనె పోశాను. దానికి రబ్బరు ఉబ్బింది, దుమ్ము అంటుకుని నల్లటి ముద్దలా పేరుకుంది. రోలర్‌ను విరిచింది నా నూనే, నా పిడికిలే.

ప్లాస్టిక్ స్కేలుకు గుడ్డ చుట్టి, సబ్బు నీటిలో ముంచి గాడి మొత్తం నాలుగుసార్లు తుడిచాను. నాలుగోసారి గాని గుడ్డ తెల్లగా రాలేదు. ఆరాక రబ్బరుకు సిలికాన్ స్ప్రే, ఇనుప పళ్లకూ రోలర్ పట్టాకూ తెల్ల లిథియం గ్రీజు వాడాను. ఈ రెండూ తారుమారు కాకూడదు. కొత్త రోలర్ తొడిగి, బోల్టులను సగమే బిగించి, అద్దాన్ని పై వరకు ఎత్తి ఫ్రేములో కుదురుకోనిచ్చిన తర్వాతే గట్టిగా బిగించాను. ముందే బిగిస్తే అది వంకరగానే స్థిరపడుతుంది. చివరికి క్లిప్పును హ్యాండిల్‌లో ముందుగా పెట్టి, అరచేత్తో ఇరుసు మీదికి నొక్కితే 'టిక్'మని కూర్చుంది.

ఇప్పుడు ఆ హ్యాండిల్ మళ్లీ రెండు వేళ్లతో తిరుగుతోంది. వెనుక ఎడమ తలుపు మాత్రం పిడికిలి దశలో ఉంది. వచ్చే ఆదివారం దాని గాడిలోకి స్కేలు దూర్చాలి.