మా గ్రౌండ్ పడగొడితే ఫ్లాట్లు బాగున్నాయన్నావు

తిరుపతిలో అమ్మవాళ్ల పాత మిద్దె ఇంటిని డెవలప్‌మెంటుకు ఇచ్చేశారు. సంతకాలైపోయాయి. సామాన్లు సర్దడానికి ఈ సెలవుల్లో వచ్చాం. రెండోరోజు సాయంత్రం మిద్దె మీద నిలబడి, కొండ మీద గాలిగోపురం దగ్గర నామం లైట్లు వెలగడం చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నాను. మావాడు వెనకనుంచి వచ్చి అన్నాడు: "అమ్మా, నీ ఇల్లు పడగొడతారంటే ఏడుస్తున్నావు. మా గ్రౌండ్ పడగొడితే ఫ్లాట్లు బాగున్నాయన్నావు. ఒకటి బుక్ చేద్దామా అని నాన్నని అడిగావు కూడా."

గొంతులో కోపం లేదు. చాలాకాలంగా దాచిపెట్టుకున్నది తిరిగి ఇచ్చినట్టు చెప్పాడు.

వాడి గ్రౌండ్ అంటే మేముండే లండన్‌లో వెస్ట్ హామ్ యునైటెడ్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు 1904 నుంచి 2016 దాకా ఆడిన బోలిన్ గ్రౌండ్. జనం నోట అప్టన్ పార్క్. పక్కనే ఒకప్పుడు ఒక పాత బంగళా ఉండేదట, జనం దాన్ని బోలిన్ కోట అనేవాళ్లు. ఆ కోట బొమ్మే క్లబ్బు చిహ్నంలోకి వచ్చింది. ఒలింపిక్స్ కోసం కట్టిన స్ట్రాట్‌ఫర్డ్ స్టేడియానికి 2016లో క్లబ్బు మారినప్పుడు చిహ్నం కూడా మార్చారు. చిహ్నంలో ఉన్న రెండు సుత్తులు మిగిలాయి, కోట పోయింది. ఏడేళ్ల పిల్లవాడు అది గమనించి, కోట ఎందుకు తీసేశారని రెండు రోజులు అడిగాడు. నేను వినలేదు. పాత గ్రౌండ్ స్థలంలో 842 ఇళ్లు వచ్చాయి.

అక్కడ చివరి మ్యాచ్ 2016 మే 10న, మంగళవారం రాత్రి, మాంచెస్టర్ యునైటెడ్‌తో. మా పక్కింటి పెద్దాయన యాభై ఏళ్లకు పైగా ఆ గ్రౌండ్‌కి పోయినవాడు. మావాడికి ఆ పిచ్చి పట్టించింది ఆయనే. లోపలికి టికెట్ లేకపోయినా బయట గ్రీన్ స్ట్రీట్‌లో జనంలో నిలబడి వద్దాం అని ఆయన అడిగితే, పొద్దున్నే బడి ఉందని నేను పంపలేదు. ఆ రాత్రి జనం ఎక్కువై ప్రత్యర్థి జట్టు బస్సు దారిలో ఇరుక్కుపోయింది. మ్యాచ్ నలభై అయిదు నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. విన్‌స్టన్ రీడ్ తలతో కొట్టిన గోల్‌తో వెస్ట్ హామ్ 3-2తో గెలిచింది. వీడు మంచం మీద మేలుకొనే ఉన్నాడని తర్వాత తెలిసింది. అంతకుముందు ఏడాది నేనే వీణ్ణి మా పిన్నమ్మ కూతురి పెళ్లికి తిరుపతికి తీసుకొచ్చి పది రోజులు బడి మానిపించాను. మనవాళ్ల పెళ్లికి బడి అడ్డం రాలేదు, వాడి గ్రౌండ్‌కి వచ్చింది.

ఏడు కొండల పేర్లు వాడికి అయిదేళ్లకే నేర్పాను. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాడు. వాడి గ్రౌండ్‌కి నాలుగు వైపుల జనం ఆట చూసే నాలుగు స్టాండ్ల పేర్లు నేను నేర్చుకోలేదు. ఈ వారంలోనే నేర్చుకున్నాను.

ఆ మాట అన్నరోజు నుంచీ మేమిద్దరం రెండు పనులూ కలిపి చేస్తున్నాం. పగలు అవ్వ ఇంటిని కాగితం మీదకి ఎక్కిస్తున్నాం, రాత్రి వాడి గ్రౌండ్‌ని. పక్కింటి పెద్దాయన లండన్ నుంచి ఫోన్‌లో వస్తాడు. పిల్లల్ని పెట్టుకొని పాత ఇంటినో పాత గ్రౌండ్‌నో రాసిపెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తాయని తెలిసింది చెబుతున్నాను.

మొదట ఫొటోలు తీయొద్దు, చూపించొద్దు. ముందు తెల్లకాగితం, పెన్సిల్ ఇచ్చి గుర్తున్నంతవరకు గీయమనాలి. ఫొటో ఒక్కసారి చూశారంటే అది తలలో ఉన్నదాని మీద కూర్చుంటుంది, ఇక మనిషి ఫొటోనే చెబుతాడు. గీతలో కొలతలు తప్పుతాయి, తప్పనీయండి. పెద్దాయన గీసిన బొమ్మలో తూర్పు వైపు స్టాండ్ మైదానానికి మరీ ఆనుకొని ఉంది. ఆ పాత తూర్పు స్టాండ్ కర్రతో, రేకులతో కట్టింది. ముందు కోళ్లగూటికి వేసే జల్లెడలాంటి తీగ ఉండేదని దానికి చికెన్ రన్ అని పేరు. 1960ల చివర్లో దాన్ని కూల్చి కొత్తది కట్టారు. జనానికీ ఆటగాళ్లకీ మధ్య దూరం ఎంత తక్కువంటే, అక్కడ తిట్టిన తిట్టు బంతి విసరడానికి వచ్చిన ఆటగాడి చెవిలో పడేదని ఆయన అంటాడు. స్ట్రాట్‌ఫర్డ్ స్టేడియంలో పరుగు పందాల ట్రాక్ కోసం వదిలిన చోటు వల్ల మైదానం దూరంగా ఉంటుంది. ఆ తేడా ఆయన గీసిన తప్పు గీతలో ఉంది. కొలత సరిచేస్తే అది పోతుంది. కాబట్టి ఆ బొమ్మని అలాగే ఉంచి, సరైన కొలతలు వేరే కాగితంలో పెట్టుకోవాలి.

రెండోది, ప్రశ్న. "అప్పుడెలా ఉండేది?" అని అడిగితే "శానా బాగుండేది నాయనా" అని వస్తుంది, అంతే. కాళ్లతో నడిపించాలి. స్టేషన్ నుంచి సీటు దాకా, వాకిలి నుంచి పెరడు దాకా. ఏ చేత్తో ఏం పట్టుకునేవాళ్లు, ఎన్ని మెట్లు, ఎక్కడ తల వంచాలి, ఎక్కడ మొదటిసారి పచ్చగడ్డి కనపడేది. అవ్వ "ఇల్లు చల్లగా ఉండేది" అన్నప్పుడు మావాడు "ఏ గదిలో, అవ్వా? నేల మీదా, గోడకా?" అని అడిగాడు. "నడవలో, ఉత్తరపు గోడకి వీపు ఆనిస్తే" అంది. ఆ గోడ మందం వాకిలి దగ్గర కొలిస్తే అడుగున్నర.

మూడోది, కాలం. జ్ఞాపకం రెండు మ్యాచ్‌లని కలిపి ఒకటి చేస్తుంది, రెండు పండగల్ని ఒకటి చేస్తుంది. సంవత్సరం అడిగితే తప్పు వస్తుంది. కట్టడాన్ని పట్టి అడగాలి. బోలిన్ గ్రౌండ్ విషయంలో ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే స్టాండ్లు ఒక్కొక్కటే మారాయి. దక్షిణాన సౌత్ బ్యాంక్ అని జనం నిలబడి చూసే మెట్లుండేవి. 1989లో హిల్స్‌బరో అనే ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో జరిగిన తొక్కిసలాట మీద వేసిన విచారణ తర్వాత పెద్ద క్లబ్బులన్నీ కుర్చీలు వేయాల్సి వచ్చింది. సౌత్ బ్యాంక్ పోయి, 1993లో చనిపోయిన క్లబ్బు పాత కెప్టెన్ బాబీ మూర్ పేరుతో కొత్త స్టాండ్ వచ్చింది. ఉత్తరాన నార్త్ బ్యాంక్ పోయి సెంటినరీ స్టాండ్, ఆ తర్వాత దానికే క్లబ్బు పాత ఆటగాడు ట్రెవర్ బ్రూకింగ్ పేరు. పడమటి వైపు కొత్త స్టాండ్‌కి 2001లో రెండు కోట బురుజులు పెట్టారు. కాబట్టి "నిలబడి చూశారా, కూర్చొని చూశారా? బురుజులు ఉన్నాయా?" అని అడిగితే చాలు, ఏళ్లు వాటంతటవే వరసలో పడతాయి. పేర్లు మాత్రం రెండూ రాయాలి, పాతదీ కొత్తదీ. లేకపోతే తాతా మనవడూ ఒకే చోటు గురించి మాట్లాడుతూ రెండు చోట్లనుకుంటారు. ఇంటికైతే గ్యాస్ పొయ్యి రాకముందా, బోరు వేయకముందా అని అడిగాం.

కొలతలు. అయిదు మీటర్ల ఉక్కు టేపు పాత ఇంటికి చాలదు, మధ్యలో వంగి ఎక్కువ చూపిస్తుంది. పదిహేను మీటర్ల ఫైబర్ టేపు తెచ్చి, ఇద్దరు పట్టుకోవాలి. ముక్కలు ముక్కలుగా కొలిచి కూడొద్దు, ప్రతి ముక్కలో అరంగుళం తప్పు చేరుతుంది. ఒకే మూలలో సున్నా పెట్టి, వాకిలి ఇక్కడ, కిటికీ ఇక్కడ, గోడ ఇక్కడ అని వరసగా చదువుకుంటూ పోవాలి. పాత గోడలకి మూలమట్టం ఉండదు కాబట్టి ప్రతి గదికీ మూల నుంచి ఎదురు మూలకి రెండు వైపులా కొలవాలి. మేం మొదటిరోజు అది వదిలేశాం. రాత్రి కాగితం మీద గీస్తే నడవా వంటిల్లూ కలవలేదు, మళ్లీ పొద్దున్నే మొదటికొచ్చాం.

గొంతు. ఫ్యాన్ ఆపాలి. తిరుపతి ఎండల్లో పెద్దవాళ్లని ఫ్యాన్ లేకుండా పది నిమిషాలకి మించి కూర్చోబెట్టకూడదు, కాబట్టి పొద్దున కాఫీ తర్వాత చిన్న చిన్న ముక్కలుగా తీసుకోవాలి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, గుడ్డ మీద పెట్టాలి, బల్ల మీద పెడితే ప్రతి తాకుడూ ఉరుములా వినిపిస్తుంది. అయిపోయాక ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం అలాగే ఉంచాలి. ఆ ఇంటి నిశ్శబ్దం కూడా కావాలి. ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టాలి, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు.

కాగితాలు. టికెట్లని లామినేషన్ చేయించొద్దు, చాలా టికెట్లు వేడికి అచ్చుపడే కాగితం, మిషన్‌లో పెడితే నల్లగా మారిపోతాయి. ఎండలో పెట్టినా తెల్లబోతాయి. ముందూ వెనకా ఫొటో తీసి, పొడి కవర్లో చీకట్లో ఉంచాలి. వెనక ఏమైనా రాయాలంటే పెన్సిల్‌తోనే. సెల్లోటేప్ తాకించొద్దు, పదేళ్లకి ఆ జిగురే పసుపు మరక.

వస్తువుల విషయంలో నాకు ఇంకా తేలలేదు. గ్రౌండ్ మూసేశాక కుర్చీలు, బోర్డులు అమ్మారు, వేలం వేశారు. పెద్దాయన ఏదీ కొనలేదు. తిరుపతి గంగజాతర చివర్లో అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప నరికాక ఆ మట్టి కోసం జనం ఎలా ఎగబడతారో మావాడు ఆయనకి ఫోన్‌లో చెప్పాడు. చిటికెడు దొరికినా ఇంటికి తెచ్చుకుంటారని. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ కుర్చీ కొనుండాల్సింది అన్నాడు.

అలా అని అంతా నిలబెట్టి ఉంచాలా? లండన్‌లోనే ఇంకో క్లబ్బు అర్సెనల్ వాళ్ల పాత గ్రౌండ్ హైబరీని 2006లో వదిలేశాక, 1930ల నాటి తూర్పు స్టాండ్ రక్షిత కట్టడం కావడంతో దాని ముఖం ఉంచి లోపల ఇళ్లు కట్టారు. ఆడిన మైదానం ఇప్పుడు ఆ ఇళ్ల మధ్య తోట. ఆ పద్ధతి మేలు అని నేను మావాడితో అన్నాను. "మేలేనేమో. కానీ ఆ తోటలో బంతి ఆడుకోనిస్తారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

842 ఇళ్లలో కాపురముంటున్నవాళ్లు కూడా ఎక్కడినుంచో వచ్చినవాళ్లే. నేనూ అలా లండన్‌కి వచ్చి చేరినదాన్నే. ఫ్లాట్లు బాగున్నాయన్న మాట నేను అబద్ధం ఆడలేదు, ఆ రోజుల్లో మాకు ఇల్లు నిజంగా కావాలి. ఇక్కడ అవ్వకి మిద్దె మెట్లు ఎక్కడం చాతకావడం లేదు, కింద బాత్‌రూం లేదు, లిఫ్టున్న ఇల్లు కావాలి. పడగొట్టడం తప్పు అనలేను. వాడి బాధ పక్కన కూర్చోకుండా ఫ్లాట్ ధర అడగడం తప్పు, అది మాత్రం అనగలను. అదైనా ఇప్పుడు, నా ఇల్లు పోతుంటే.

ఇంకో సందేహం రాత్రిళ్లు నిద్రపట్టనివ్వదు. మన ఊరి మీద ప్రేమ పిల్లలకి ఎలా ఎక్కించాలని పదేళ్లు తిప్పలు పడ్డాను. తెలుగు తరగతులు, పండగలు, కొండ పేర్లు. గ్రౌండ్ మీద ప్రేమ వాడికి ఎవరూ ఎక్కించలేదు. ఒక ముసలాయన చెయ్యి పట్టుకొని నడిచాడు, అంతే. ఇప్పుడు అవ్వ ఇంటిని వాడు ఇంత శ్రద్ధగా కొలుస్తుంటే, ఇంటి మీద ప్రేమతో కొలుస్తున్నాడా, ఒక చోటు పోతే ఎలా ఉంటుందో తెలిసినవాడు కాబట్టి నా కోసం కొలుస్తున్నాడా? అడగాలని లేదు.

నిన్న వాకిలి కొలిచాక వాడు అడిగాడు: "అమ్మా, తలుపు లోపలికి తెరుచుకునేదా బయటికా? ఈ తలుపు కొత్తది కదా. నువ్వు చిన్నప్పుడున్న తలుపు." నాకు గుర్తురాలేదు. పదిహేడేళ్లు ఆ తలుపులోంచే బడికి పోయాను. అవ్వని అడిగితే "లోపలికేరా, రెండు రెక్కలు, కుడి రెక్కకి గొళ్లెం" అంది. రాసుకున్నాడు.

రాత్రి భోజనాలయ్యాక నేనే కాగితం తీసి ముందు పెట్టాను. ఫ్యాన్ ఆపాను. ఫోన్ గుడ్డ మీద పెట్టాను. ఏడేళ్లప్పుడు నువ్వు ఎలా పోయేవాడివో మొదటినుంచి చెప్పు, నేను ఆపను అన్నాను. కాసేపు నా వైపు చూశాడు.

"స్టేషన్ బయటికి రాగానే కుడికి," అన్నాడు.