పొయ్యి వెలిగించకుండా పాట్‌లక్‌కి

పరాయి దేశంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు పాట్‌లక్ అంటే టెన్షనే. తలా ఒక వంటకం తెచ్చి అందరూ కలిసి తినడం, వినడానికి అంతే. కానీ షిఫ్టు ముగిసేసరికి రాత్రవుతుంది. అద్దింట్లో వంటగది అందరిదీ, పొయ్యి ఖాళీ దొరకదు. తెల్లారితే బస్సెక్కాలి. ఆఫీసులో చూస్తే ఒక్కొక్కరిదీ ఒక్కో దేశం. ఒకరు పంది మాంసం ముట్టరు, ఇంకొకరు అసలు మాంసమే తినరు, మరొకరికి వేరుశనగ పొరపాటున కలిసినా ప్రాణం మీదికి వస్తుంది. అర్ధరాత్రి దాకా నిలబడి వండి తెచ్చినది చూసి "ఇందులో ఏం వేశారు?" అని అడిగి పక్కకు జరిగితే మనసు చివుక్కుమంటుంది. వాళ్లను తప్పు పట్టలేం. కనపడని దాన్ని ఎవరు మాత్రం ధైర్యంగా తింటారు?

అందుకే నేను పాట్‌లక్ అనగానే పుచ్చకాయ, ఫెటా అనే ఉప్పటి తెల్ల చీజ్, పుదీనా తీసుకెళ్లి, ఒక్కో పుల్లకు మూడూ కలిపి గుచ్చి పెడతాను. మూడూ కళ్లెదురుగా కనిపిస్తాయి. తీపి, ఉప్పు ఒకే ముద్దలో తగులుతాయి. ఇది రుచికి మంచి జోడీ. కొద్దిపాటి ఉప్పు నాలుక మీద చేదును అణచేస్తుంది, దాంతో తీపి పైకి తేలుతుంది. ఓ మోస్తరు తీపి ఉన్న కాయ కూడా చీజ్ పక్కన చేరాక బాగుంటుంది.

ఇరవై మందికి తలా మూడు పుల్లల లెక్కన అరవై కావాలి. రెండు కిలోల పుచ్చకాయ, 250 గ్రాముల ఫెటా ముక్క, ఒక కట్ట పుదీనా, టూత్‌పిక్‌లు చాలు. ఫెటా పొడిగా చిదిపి అమ్మేది వద్దు, ఉప్పునీళ్లలో ఉండే దిమ్మ తీసుకోండి. యూరోపియన్ యూనియన్‌లో 2002 నుంచి ఫెటా అనే పేరు గ్రీసులో చేసినదానికే చెల్లుతుంది. అందులో కనీసం 70 శాతం గొర్రె పాలు, మిగతావి మేక పాలు. బయటి దేశాల్లో ఆవు పాలతో చేసినదీ అదే పేరుతో దొరుకుతుంది, రుచిలో తేడా ఉంటుంది. శాకాహారులు వస్తున్నారంటే డబ్బా మీద తప్పకుండా చదవాలి. చాలా చీజ్‌లలో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. శాకాహారమని రాసి ఉన్నవి వేరుగా దొరుకుతాయి.

కాయను కోసే ముందు పైతొక్క కడగాలి. తొక్క మీది మురికి కత్తితో పాటు లోపలికి వెళ్తుంది, ఇది చాలామంది వదిలేసే పని. పుచ్చకాయను రెండున్నర సెంటీమీటర్ల ముక్కలుగా, ఫెటాను ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. ఫెటా ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, కత్తి తడిపి కోస్తే విరగదు. పుచ్చకాయలో 92 శాతం దాకా నీళ్లే కాబట్టి ముక్కలను పేపర్ టవల్ మీద పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. ఉప్పు మాత్రం ముందు చల్లకండి, నీళ్లు కారిపోతాయి. చీజ్‌లో ఉన్న ఉప్పు చాలు.

పుల్లలకు గుచ్చే పని ఇంట్లో పెట్టుకోవద్దు. పుచ్చకాయ ఒక డబ్బాలో, చీజ్ ఇంకో డబ్బాలో, పుదీనా తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లి అక్కడే గుచ్చాలి. బస్సు కుదుపులకు పుల్లలు ఊడిపోకుండా ఉండటం ఒక లాభం. నాకు అసలు నచ్చేది రెండోది. ఆఫీసు ప్యాంట్రీలో డబ్బాలు పరిచి మొదలుపెడతాను: ముందు చీజ్, దాని కింద మడిచిన పుదీనా ఆకు, అడుగున పుచ్చకాయ. అడుగు బల్లపరుపుగా ఉంటే పుల్ల పళ్లెంలో నిలబడుతుంది. ఎప్పుడూ మెయిల్‌లో తప్ప మాట్లాడని అకౌంట్స్ ఆవిడ కాఫీ కోసం వచ్చి, ఒక నిమిషం చూసి, చేతులు కడుక్కుని పక్కన నిలబడింది. ఆవిడ ఆకులు మడిచి అందిస్తుంటే నేను గుచ్చాను. తను వచ్చిన కొత్తలో ఫోన్ మోగితే భాషకు భయపడి ఎత్తేది కాదట. నాకూ అలాగే ఉండేదన్నాను. ఏళ్లుగా ఒకే ఫ్లోర్‌లో పనిచేస్తూ ఆ మాట ఆ రోజే అనుకున్నాం. వండిన గిన్నె మూత తీసి పెట్టి ఉంటే ఇలా జరిగేదా అంటే, అనుమానమే.

వడ్డించే ముందు మిరియాల పొడి, నిమ్మతొక్క తురుము కాస్త చల్లితే సరి. పాలు పడనివాళ్లకు చీజ్ బదులు గింజ తీసిన ఆకుపచ్చ ఆలివ్ గుచ్చి వేరే పళ్లెంలో పెట్టండి. రెండు పళ్లేల ముందూ ఏముందో రాసిన చీటీ ఉండాలి. అడగడానికి మొహమాటపడేవాళ్లకు ఆ చీటీ ఎంతో మేలు చేస్తుంది. పుచ్చకాయ దొరకని చలికాలంలో పియర్ ముక్కకు నిమ్మరసం రాసి వాడొచ్చు, రంగు మారదు. తాజా అనాస ముక్కలు మాత్రం చీజ్‌తో ముందుగా కలిపి ఉంచకూడదు, వాటిలోని ఎంజైమ్ పాల పదార్థాన్ని చేదెక్కిస్తుంది.

కోసిన పండు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. అందుకే సగం పుల్లలే ముందు పెట్టి, మిగతావి ఫ్రిజ్‌లో ఉంచి పళ్లెం ఖాళీ అయ్యాక తెస్తాను. మిగిలిన చీజ్‌ను దాని ఉప్పునీళ్లలోనే వేసి మూత పెడితే వారం లోపు ఇంట్లో ఖర్చవుతుంది.